ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ దొర బంగళా

కడప పట్టణం ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ పేరిట గ్రంథాలయం వెలసిన స్థలంలో ఒకప్పుడు ఒక దొర బంగళా ఉండేది. దాని చుట్టూ పదిహేను ఎకరాల తోట. కుంఫిణీ కాలంలో తెల్లదొరలు కట్టించుకున్న బంగళాలకు జిల్లాలో కొదవలేదు. కలెక్టర్లు, జడ్జీలు, పటాలం అధికారులు వచ్చారు, ఉన్నారు, బదిలీ అయి వెళ్ళిపోయారు. వారిలో చాలామంది పేర్లు కూడా ఎవరికీ గుర్తు లేవు. ఈ బంగళాలో మాత్రం పంకాల కింద విందులు కాక, తాటాకుల కట్టలు, గంటాలు, కాగితపు దస్తాలు, పండితుల వాదాలు సందడి చేశాయి. బంగళా యజమాని పేరు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగు నిఘంటువు పుణ్యమా అని తెలుగునాట అక్షరం వచ్చిన వారందరికీ తెలిసిన పేరు.

ఆ బంగళా ఇప్పుడు లేదు. దొర వెళ్ళిపోయాక చేతులు మారింది, పాడుబడింది, చివరికి మొండిగోడలు మిగిలి అవీ నేలమట్టమయ్యాయి. అందులో జరిగిన పని మాత్రం చెక్కుచెదరలేదు. వేమన పద్యం బడిపిల్లల నోట నానుతున్నదన్నా, మనుచరిత్రకు టీకతో కూడిన అచ్చుప్రతి వచ్చిందన్నా, పల్లెలో రైతు వాడే మాటకు నిఘంటువులో చోటు దొరికిందన్నా ఆ పనికి ఈ బంగళాతో సంబంధం ఉంది.

కలకత్తాలో పుట్టిన బిడ్డ

బ్రౌన్ పుట్టింది ఇంగ్లండులో కాదు. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు. కుంఫిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1800లో కలకత్తాలో పెట్టిన ఫోర్టు విలియం కాలేజీకి ఆయన ప్రోవోస్టుగా పనిచేశారు. ఇంట్లో చదువు గట్టిగా సాగేది. హీబ్రూ, అరబ్బీ, పారశీకం, హిందూస్తానీ వంటి భాషల్లో పిల్లలకు చిన్ననాడే ప్రవేశం కలిగించారు. భాష అంటే భయం లేకపోవడం బ్రౌన్‌కు ఆ ఇంట్లో అబ్బిన గుణం.

1812లో తండ్రి కన్నుమూశారు. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని ఇంగ్లండు చేరింది. పధ్నాలుగేళ్ళు నిండని ఛార్లెస్ అక్కడ కుంఫిణీ ఉద్యోగాలకు తర్ఫీదు ఇచ్చే హెయిలీబరీ కాలేజీలో చదివి, 1817 ఆగస్టు 4న మద్రాసులో ఓడ దిగారు. అప్పటికి ఆయన వయస్సు పద్ధెనిమిది దాటింది. తెలుగు ఒక్క ముక్క రాదు.

మద్రాసులో కొత్త ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి ఫోర్టు సెంట్ జార్జి కాలేజీ ఉండేది. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద బ్రౌన్ తెలుగు అక్షరాలు దిద్దారు. నాడు తెలుగు నేర్చుకునే దొరకు దిక్కు పంతులే. అచ్చుపుస్తకాలు వేళ్ళ మీద లెక్కించదగ్గవి. కావ్యాలన్నీ తాటాకుల్లో ఉన్నాయి. ఒక తాటాకు ప్రతికి మరో ప్రతికి పొంతన ఉండేది కాదు. చదవబోతే పదాల మధ్య ఖాళీ లేదు, పద్యానికి పద్యానికి విడివి లేదు. నేర్చుకునే వాడి ఓపికకు అది పెద్ద పరీక్షే.

1820లో బ్రౌన్ పరీక్ష నెగ్గారు. అప్పుడే మద్రాసు గవర్నరు పదవి చేపట్టిన సర్ థామస్ మన్రో ఆ యువ ఉద్యోగులనుద్దేశించి మాట్లాడారు. ప్రజల భాష తెలియనివాడు ప్రజలను పాలించలేడన్నది ఆ ప్రసంగ సారం. మన్రో అంటే ఈ జిల్లావారికి కొత్త పేరు కాదు. 1800లో నిజాం నుంచి కుంఫిణీ చేతికి వచ్చిన దత్తమండలాలకు తొలి ప్రిన్సిపల్ కలెక్టరు ఆయనే. రైతుల మధ్య గుడారాలు వేసుకొని తిరిగి శిస్తులు కట్టినవాడు. ఆయన మాట యువకుడైన బ్రౌన్ మనస్సులో నాటుకుపోయింది. ఆ తర్వాత రెండు నెలలకే, 1820 ఆగస్టులో, బ్రౌన్‌ను కడపకు వేశారు.

కచేరీలో నేర్చిన తెలుగు

కడప కలెక్టరు హాన్‌బరీ వద్ద సహాయకుడిగా బ్రౌన్ కొలువు మొదలైంది. హాన్‌బరీ తెలుగులో ధారాళంగా మాట్లాడేవారు. అర్జీదారులతో నేరుగా తెలుగులోనే వ్యవహరించేవారు. మద్రాసులో పంతులు దగ్గర నేర్చుకున్న తెలుగుకు, కడప కచేరీ అరుగు మీద వినిపించే తెలుగుకు ఎంత తేడా ఉన్నదో బ్రౌన్‌కు అప్పుడు తెలిసివచ్చింది. శిస్తు, ఫసలీ, జమాబందీ, తకావి, దస్తావేజు... కచేరీలో సగం మాటలు పారశీకం నుంచి, హిందూస్తానీ నుంచి వచ్చినవి. మిగతావి రైతుల నోటి మాటలు. ఈ రెండూ ఏ కావ్యంలోనూ కానరావు. పండితుణ్ణి అడిగితే అవి మాటలే కావు పొమ్మంటాడు. మాటలే కాకపోతే అర్జీ ఎలా అర్థమయ్యేది? తర్వాత మూడు దశాబ్దాల పాటు ఆయన చేసిన నిఘంటువు పనికి బీజం ఇక్కడే పడిందని చెప్పవచ్చు.

కడపకు వచ్చిన మరుసటి ఏడే, 1821లో, బ్రౌన్ పట్టణంలో పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడులు పెట్టించారు. పంతుళ్ళ జీతం ఆయన జేబులోనుంచే. తర్వాత మచిలీపట్నంలోనూ అదే పని చేశారు. ఇరవై మూడేళ్ళ వయస్సులో, చిన్న ఉద్యోగంలో ఉన్న దొర సొంత డబ్బుతో ఊరి పిల్లలకు బడి పెట్టడం ఆనాడు ఎక్కడో గాని కనిపించేది కాదు.

1822లో మచిలీపట్నానికి, అటు తర్వాత రాజమండ్రికి బదిలీ అయింది. ఆ కోస్తా మజిలీలోనే ఆయనకు వేమన తారసపడ్డాడు. అదీ తెలుగువారి ద్వారా కాదు. దక్షిణాదిలో చాలాకాలం గడిపిన ఫ్రెంచి మతగురువు అబే దుబాయ్ హిందువుల ఆచార వ్యవహారాల మీద రాసిన పుస్తకం 1824లో బ్రౌన్ చదివారు. అందులో వేమన ప్రస్తావన ఉంది. తెలుగుదేశంలో కొలువు చేస్తూ తెలుగు కవి పేరు ఫ్రెంచివాడి పుస్తకంలో చూసి తెలుసుకోవలసి వచ్చింది! వెంటనే పండితులను వాకబు చేశారు. పండితులు పెదవి విరిచారు. లక్షణం లేని పద్యాలని, కులాన్ని, ఆచారాన్ని తిట్టిన వాడని, చదవదగ్గ కవి కాడని వారి అభిప్రాయం. కానీ బండి తోలేవాడికీ వేమన పద్యం వచ్చు, కచేరీ బంట్రోతుకూ వచ్చు. పండితుడు వద్దన్నదీ పామరుడు కంఠస్థం చేసినదీ ఒకే పద్యమైతే అందులో ఏదో ఉండాలని బ్రౌన్ పట్టుపట్టారు. ఎక్కడెక్కడి తాటాకు ప్రతులనో తెప్పించారు.

బ్రౌన్ కాలేజీ

1826లో బ్రౌన్ తిరిగి కడపకు వచ్చారు. ఈసారి ఊరికే రాలేదు. వేమన ప్రతుల మూటలు వెంట ఉన్నాయి. చేయవలసిన పని ఒంటిచేత్తో అయ్యేది కాదని తెలిసిపోయింది. ఎర్రముక్కపల్లె బంగళాను, తోటను కొన్నారు. పెళ్ళి చేసుకోలేదు, ఆ తర్వాత కూడా జీవితాంతం బ్రహ్మచారే. ఇంట్లో ఇల్లాలు, పిల్లలు ఉండవలసిన చోట పండితులు, లేఖకులు చేరారు. వారందరికీ జీతాలు ఆయన సొంతానివే. జనం ఆ ఇంటికి బ్రౌన్ కాలేజీ అని పేరు పెట్టారు. సర్కారు ఉత్తర్వు లేదు, పరీక్షలు లేవు, పట్టాలు లేవు, అయినా ఆ పేరు అతికినట్లు సరిపోయింది.

ఆ కాలేజీ నిర్వాహకుడు అయోధ్యాపురం కృష్ణారెడ్డి. జీతాల బట్వాడా, కాగితాల లెక్క, ఎవరి వద్ద ఏ ప్రతి ఉంది, ఎవరు ఎంతవరకు రాశారు అన్న అజమాయిషీ ఆయనది. దొర కచేరీలో ఉన్నా, క్యాంపుల్లో ఉన్నా, చివరికి వేరే జిల్లాకు బదిలీ అయినా ఇక్కడ పని ఆగకుండా నడిపినవాడు ఆయనే. జూలూరి అప్పయ్య, వాత్యం అద్వైత బ్రహ్మయ్య, తిప్పాభొట్ల వెంకటశివశాస్త్రి వంటి పండితులు వివిధ కాలాల్లో బ్రౌన్ కొలువులో పనిచేశారు. పుస్తకాల మీద బ్రౌన్ పేరే పెద్దదిగా కనిపిస్తుంది గాని, ఈ పండితుల చేతి రాత లేనిదే ఆ పుస్తకాలు లేవు. వారిని గురించి ఈనాడు మనకు తెలిసింది చాలా తక్కువ.

పని జరిగే తీరు కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ముందు ఒక కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు సేకరిస్తారు. పల్లెల్లో పండితుల ఇళ్ళ నుంచి, కరణాల ఇళ్ళ నుంచి, మఠాల నుంచి కొని తెచ్చేవి కొన్ని, ఎరువు తెచ్చి నకలు రాసుకొని తిరిగి ఇచ్చేవి కొన్ని. తాటాకులోని పాఠాన్ని లేఖకుడు కాగితం మీదికి ఎక్కిస్తాడు. పద్యాలకు అంకెలు వేస్తారు. తర్వాత పండితులు కూర్చుని ఒక ప్రతిని పైకి చదువుతుంటే మిగతావారు తమ చేతుల్లోని ప్రతులతో పోల్చి చూస్తారు. తేడా వచ్చిన చోట ఆగుతారు. ఏ పాఠం సరైనది? ఛందస్సు ఏమంటుంది, అర్థం ఏమంటుంది? వాదం సాగుతుంది. తేలినది పాఠంగా, తేలనివి పాఠాంతరాలుగా నమోదవుతాయి. ఆపైన టీక రాస్తారు. చివరికి పద్యాలకు, పదాలకు అకారాది పట్టికలు. దొర సాయంత్రం కచేరీ నుంచి వచ్చి కూర్చుంటే ఇదంతా మళ్ళీ విచారణకు వస్తుంది. తెలుగు కావ్యాలను ఇలా పదిప్రతులు ముందు పెట్టుకొని పరిష్కరించడం అంత పెద్ద ఎత్తున అదివరకు జరగలేదు.

తాటాకు ఆయుర్దాయం తెలిసినవారికి ఈ పని విలువ తెలుస్తుంది. చెదపురుగు, వాన, నిప్పు, పొగ, ఎలుక... దేనికైనా లోకువే. తరానికొకసారి ఎవరో ఒకరు కొత్త ఆకు మీద మళ్ళీ రాస్తేనే కావ్యం బతికేది. పోషించే రాజులు, పాలెగాళ్ళు పోయాక, రాయించేవాళ్ళు తగ్గిపోయారు. బ్రౌన్ వచ్చిన నాటికి ఈ సీమలోని ఇళ్ళల్లో అటకల మీద ఉన్న కట్టలు విప్పి చూసే నాథుడు లేక పొడిగా మారుతున్నాయి. బంగళాలో నకలు ఎక్కిన కట్టల్లో, ఇంకొక ముప్పయ్యేళ్ళు ఆలస్యమైతే మిగలని వాటిని లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఈ శ్రమ ఫలితంగా మొదట 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద పుస్తకం వెలువడింది. 1829లో వేమన పద్యాలు 693 ఇంగ్లీషు అనువాదంతో సహా మద్రాసులో అచ్చయ్యాయి. పది సంవత్సరాల తర్వాత, 1839లో, పద్యాల సంఖ్య 1164కు పెరిగింది. వేమన సమాధి ఉన్న కటారుపల్లె ఈ రోజు కదిరి ప్రాంతంలో, కడప జిల్లా సరిహద్దుకు అవతల ఉంది గాని, బ్రౌన్ కాలంలో కదిరి తాలూకా కడప జిల్లాలోదే. అంటే వేమన ఆనాటి లెక్కన ఈ జిల్లా మట్టిలో కలిసినవాడు, ఈ జిల్లా బంగళా నుంచే పుస్తకమై బయటికి వెళ్ళాడు.

ఇదంతా జీతం రాళ్ళతో అయ్యే పని కాదు. పండితుల జీతాలు, కాగితం, ప్రతుల కొనుగోలు, పిల్లల బడులు, ఇవి కాక అడిగినవారికి లేదనకుండా చేసే దానాలు. బ్రౌన్ అప్పుల పాలయ్యారు. ఆ అప్పులు చాలా ఏళ్ళు ఆయనను వెంటాడాయి. సాటి దొరలు పొదుపు చేసి ఇంగ్లండులో భూములు కొనుక్కుంటుంటే ఈయన కడపలో చెదలు పట్టిన తాటాకులు కొన్నారు. వారి దృష్టిలో ఆయన పిచ్చివాడై ఉండాలి.

గుంటూరు కరువు, కొలువు పోవడం

కడప నుంచి తర్వాత వేరే జిల్లాలకు బదిలీలు జరిగాయి. 1832-33లో గుంటూరు సీమను కరువు కబళించిన సమయంలో బ్రౌన్ అక్కడ ఉన్నారు. డొక్కల కరువు అని పెద్దలు చెప్పుకునే కరువు అదే. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి, దారుల వెంట శవాలు పడి ఉన్నాయి. పై అధికారులకు పంపే కాగితాల్లో కరువు అన్న మాట వాడడం ఆనాటి దొరతనానికి ఇష్టం లేదు. కొరత అనో, పంట తక్కువ అనో మెత్తగా రాయాలి. కరువు అని రాస్తే శిస్తు మాఫీ చేయాలి, గంజి కేంద్రాలు పెట్టాలి, ఖజానా తెరవాలి. బ్రౌన్ మాత్రం ఉన్నదున్నట్లు కరువనే రాశారు. మాటల విలువ ఎరిగినవాడు కదా, చావును కొరత అని రాయడానికి ఆయన కలం ఒప్పుకోలేదు. పైవారికి ఇది రుచించలేదు.

పైవారితో పొత్తు కుదరని స్వభావం ఆయనకు మొదటినుంచీ ఉంది. మాట కటువు, పంతం ఎక్కువ. తన పండితులను సైతం నిష్ఠూరంగా విమర్శించేవారు. హిందువుల ఆచారాల మీద, పురాణాల మీద ఆయన రాసిన మాటల్లో మనకు నచ్చనివి చాలా ఉన్నాయి. గట్టి క్రైస్తవుడు, మతబోధకుడి కొడుకు అన్న సంగతి మరచిపోరాదు. 1834లో కొలువు పోయింది. 1835లో ఇంగ్లండు వెళ్ళిపోయారు.

వెళ్ళినవాడు ఊరికే కూర్చోలేదు. లండనులో కుంఫిణీ వారి ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణ దేశ భాషల వ్రాతప్రతులు మూలపడి ఉన్నాయని కనిపెట్టారు. తెలుగు, తమిళ, కన్నడ తదితర భాషలవి మొత్తం 2106. చదివేవాడు లేని చోట అవి ఎందుకని అధికారులను ఒప్పించి వాటిని మద్రాసుకు, అక్కడి సాహిత్య సంఘానికి తరలింపజేశారు. మన దేశం నుంచి ఓడలెక్కి పోయిన పుస్తకాలు, నగలు, విగ్రహాలు వెనక్కి రావడం లేదని ఇవాళ వాపోతుంటాం. కొలువు ఊడి, అప్పుల్లో ఉన్న ఒక మనిషి దాదాపు రెండు శతాబ్దాల కిందట రెండు వేల పైచిలుకు పుస్తకాలను వెనక్కి రప్పించగలిగారు.

మద్రాసులో నిఘంటువు

1830ల చివర్లో బ్రౌన్ తిరిగి మద్రాసు చేరి, సర్కారులో పారశీక అనువాదకుడయ్యారు. 1846లో పోస్టుమాస్టరు జనరల్ పదవి కూడా వచ్చింది. ఈ సుమారు పదిహేడేళ్ళ కాలమే పంట చేతికి వచ్చిన కాలం. కడప బంగళాలో విత్తింది మద్రాసు ముద్రణాలయాల్లో కోతకు వచ్చింది. 1840లో తెలుగు వ్యాకరణం అచ్చయింది. తెలుగువారి భాషా సాహిత్యాల మీద, జంగముల మతసాహిత్యాల మీద వ్యాసాలు పత్రికల్లో వచ్చాయి. పండితులు చిన్నచూపు చూసిన పాల్కురికి సోమనాథుని బసవపురాణం వంటి ద్విపద కావ్యాల మీద ఆయనకు గౌరవం ఉండేది. తెలుగు నేర్చేవాడికి ద్విపదే రాజబాట అని ఆయన నమ్మకం. జూలూరి అప్పయ్య టీకతో 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర అచ్చులో వెలువడ్డాయి. అనంతపురం సంస్థాన చరిత్రను ఇంగ్లీషులోకి తెచ్చి 1853లో ప్రకటించారు. తాతాచారి చెప్పిన కథలను కూడా అచ్చువేయించారు.

అన్నిటికీ తలమానికం నిఘంటువు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసు వేపేరిలోని అచ్చుకూటం నుంచి వెలువడింది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు, కచేరీల్లో వాడే అన్యదేశ్యాల కోసం ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువు కూడా ఆ సంవత్సరాల్లోనే వచ్చాయి. కావ్యాల్లోని పదాలతో పాటు ఇంట్లో, పొలంలో, అంగడిలో మాట్లాడే మాటలన్నిటికీ ఆయన అందులో పీట వేశారు. చెట్టు పేరు, చేప పేరు, నాగలిలో భాగం పేరు, తిట్టు మాట, సామెత... ఏదీ తక్కువ కాదు. గ్రాంథికమే తెలుగని పండిత లోకం కూర్చున్న కాలంలో ఇది చిన్న సాహసం కాదు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడింది 1853లో, ఆయన బాలవ్యాకరణం వచ్చింది మరో అయిదేళ్ళకు. ఒకే నగరంలో, ఒకే కాలంలో ఒకరు తెలుగుకు ఒడ్డు కడుతుంటే మరొకరు ఏరు పారే దారులన్నీ వెదికారు. వ్యావహారిక భాష కోసం గిడుగు, గురజాడ పోరు మొదలుపెట్టడానికి అర్ధ శతాబ్దం ముందే కడప కచేరీ అరుగు మీది తెలుగు నిఘంటువులోకి ఎక్కింది.

1903లో ఈ నిఘంటువును సవరించి మళ్ళీ అచ్చువేసినప్పుడు సవరించినవారిలో కందుకూరి వీరేశలింగం పంతులు ఒకరు. ఆ తర్వాత ఎన్ని ముద్రణలు పడ్డాయో. కొత్త నిఘంటువులు ఎన్ని వచ్చినా పాత మాటకు అర్థం దొరకనప్పుడు బ్రౌన్‌ను తిరగేయడం ఇప్పటికీ మానలేదు.

లండనులో చివరి ఏళ్ళు

ఆరోగ్యం దెబ్బతిని 1855లో బ్రౌన్ మద్రాసు విడిచారు. అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్ళు. తెలుగుదేశపు ఎండలో ముప్ఫయి అయిదేళ్ళకు పైగా కాగినవారికి లండను చలి ఎలా ఉండిందో గాని, తెలుగును మాత్రం వదలలేదు. 1865లో లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యులయ్యారు. తన సాహిత్య జీవితాన్ని గురించి చిన్న పుస్తకం రాసుకున్నారు. అందులో ఉద్యోగాల ముచ్చట తక్కువ, పుస్తకాల ముచ్చట ఎక్కువ.

1884 డిసెంబరు 12న లండనులో, వెస్ట్‌బోర్న్ గ్రోవ్ సమీపంలోని కిల్డేర్ గార్డెన్సు 22వ నంబరు ఇంట్లో ఆయన మరణించారు. వయస్సు ఎనభై ఆరు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఖననం చేశారు. వెనక ఏడ్చే భార్యాబిడ్డలు లేరు. ఆయన సేకరించిన ప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చేరి భద్రంగా ఉండిపోయాయి.

బంగళా గతి

కడప బంగళా అంత అదృష్టానికి నోచుకోలేదు. కట్టల కొద్దీ కాగితాలు మద్రాసుకు తరలిపోయాక అది మామూలు ఇల్లయింది. ఆ తర్వాత మామూలు ఇల్లు కూడా కాకుండా పోయింది. తోట ముక్కలైంది. పట్టణం పెరిగి ఎర్రముక్కపల్లె కడపలో కలిసిపోయింది. ఆ శిథిలాల పక్కగా రోజూ నడిచివెళ్ళేవారిలో చాలామందికి అక్కడ వేమన పద్యాలు ఏరి కూర్చారని తెలియదు. తెలియకపోవడం వారి తప్పు కాదు. చెప్పిన వారెవరు?

1970లలో కదలిక వచ్చింది. నెల్లూరుకు చెందిన పరిశోధకుడు బంగోరె (బండి గోపాలరెడ్డి) మద్రాసు భాండాగారంలోని బ్రౌన్ కాగితాలను తవ్వి తీశారు. అచ్చుపుస్తకాలకన్నా వాటిలో ఎక్కువ విశేషాలు దొరికాయి. పండితులతో, స్నేహితులతో, ఉద్యోగులతో బ్రౌన్ జరిపిన తెలుగు ఉత్తర ప్రత్యుత్తరాలు కట్టలుగా బయటపడ్డాయి. కడప సీమకు సంబంధించిన జాబులను బంగోరె ప్రత్యేకంగా సంకలనం చేశారు. ఆనాటి ధరలు, తగాదాలు, జబ్బులు, అప్పులు, పల్లె సంగతులు అందులో ఉన్నాయి. ఆచార్య జి.ఎన్.రెడ్డితో కలిసి బంగోరె బ్రౌన్ సాహిత్య జీవిత కథను తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ద్వారా 1978లో వెలువరించారు. 1982లో బంగోరె అకాల మరణం పాలయ్యారు.

జానమద్ది హనుమచ్ఛాస్త్రి అప్పటికే కడపలో బ్రౌన్ స్మారక గ్రంథాలయం కోసం నడుం కట్టి ఉన్నారు. వృత్తి రీత్యా ఉపాధ్యాయుడు, జిల్లా రచయితల సంఘానికి పెద్ద దిక్కు. బ్రౌన్ బంగళా ఉన్న చోటే ఆయన పేర గ్రంథాలయం లేవాలని పట్టుపట్టారు. స్థలం దాతల చేతుల మీదుగా సమకూరింది. డబ్బు మాత్రం అంత సులభంగా రాలేదు. శాస్త్రిగారు చందాల కోసం ఎక్కని గడప లేదు. పది రూపాయలిచ్చినా పుచ్చుకొని రసీదు రాసిచ్చేవారు. 1980ల రెండో సగంలో శంకుస్థాపన జరిగింది. గోడలు లేచి, కప్పు పడి, గ్రంథాలయం తెరుచుకునేసరికి 1990ల నడిమికి వచ్చింది. ఒక దొర సొంత జీతంతో నడిపిన కాలేజీ స్థలంలో మళ్ళీ పుస్తకాల గది లేవడానికి ఇంతమంది రూపాయలు, ఇన్నేళ్ళు పట్టాయి.

కాలక్రమాన ఆ సంస్థ భాషా పరిశోధన కేంద్రంగా కడప యోగివేమన విశ్వవిద్యాలయం నీడలోకి చేరింది. బ్రౌన్ చేసిన పనినే అక్కడ మళ్ళీ చేపట్టారు. పల్లెల్లో అటకల మీద మిగిలిన తాటాకు ప్రతుల సేకరణ సాగింది. కల్నల్ మెకంజీ ఊరూరా రాయించిన కైఫీయత్తుల్లో కడప జిల్లావాటిని సంపుటాలుగా అచ్చువేశారు. తమ ఊరి పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు అని తెలుసుకోగోరే జిల్లావాసులకు అవి పెన్నిధి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి 2014 ఫిబ్రవరిలో మరణించారు. వేమన పేరున్న విశ్వవిద్యాలయం, బ్రౌన్ పేరున్న గ్రంథాలయాన్ని చూసుకోవడం ఆయన కళ్ళారా చూశారు.